చేతికలవడిన కెమెరా

విజయనగరమున విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారమునాడు, ఎండ పడమటికి వాలుచున్న వేళ, మూడులాంతర్ల కూడలి మొదలు కోటవరకు నేల యీనినట్లు జనము నిండియుండగా, పాలధారయు బెస్తవారి వలయు అంజలిరథమును తెల్లయేనుగును ముందు నడువగా, సిరిమాను అనబడు దాదాపు 60 అడుగుల చింతమాను కొనయందు ఆసీనుడైన పైడితల్లి అమ్మవారి పూజారి, ఇటు జనమునకును అటు ఆకాశమునకును నడుమ ఊగుచు సాగివచ్చును. ఆ దృశ్యమును ఒక్క చిత్రముగానైన పట్టవలెనని ఏటేట ఎన్నియో కెమెరాలు దారి కిరువైపుల నున్న మేడలెక్కి కాచుకొనియుండును. సిరిమాను ఆ దారిని మూడుమారులు తిరుగును గనుక ఛాయాగ్రాహకునకు అవకాశములు మూడు. చిక్కు మాత్రము మూడింటను ఒక్కటే. పూజారి వెనుక నున్నది తళతళలాడు ఆకాశము. కెమెరాలోని మీటరు ఆ వెలుగును చూచి బెదరి కాంతిని కుదించినచో, జనమంతయు అమ్మవారిగా భావించి మ్రొక్కుచున్న ఆ మనిషి మొగము మసిబారును. మొగమునకు సరిపెట్టినచో ఆకాశమున మబ్బు జాడయైనను మిగులదు. ఇంతలో భక్తులు విసరిన అరటిపండ్లు జల్లుగా ఎగసిపడును, మాను ఒక ప్రక్కకు ఒరగును, పూజారి చేయెత్తును. ఒక స్టాపు పెంచవలెనా రెండు పెంచవలెనా, ఫోకసు ఎక్కడ నిలుపవలెను, మీట ఎప్పుడు నొక్కవలెను అను నిర్ణయములన్నింటికిని దొరకెడి వ్యవధి రెప్పపాటు.

ఆ రెప్పపాటులో వ్రేలు తనంత తాను పోవలసిన చోటికి పోవుట యొకటి, మీట ఎక్కడ నున్నదో కన్ను వెదకికొనుట యొకటి. మొదటివాడు పూజారిని చూచినాడు. రెండవవాడు తన కెమెరాను చూచుకొన్నాడు.

ఏండ్ల తరబడి ఒకే కెమెరాను, ఒకటి రెండు లెన్సులను అంటిపెట్టుకొనియుండుట ఫోటోగ్రాఫరు సృజనకు దోహదమా, ప్రతిబంధకమా అను చర్చ ఆ వృత్తివారు నలుగురు కూడినచోట తప్పక వచ్చును. వచ్చి, పెద్దలు పాతదానిని, పడుచువారు క్రొత్తదానిని మెచ్చుకొనుటతో ముగియును. నా అభిప్రాయము ముందే చెప్పెదను. పరిచితమైన పరికరము ఎవనికిని చూపునీయదు. అది యిచ్చునది తీరిక. మీటలను గూర్చి, అంకెలను గూర్చి ఆలోచింపవలసిన పని తప్పి, ఎదుట నున్న మనిషిని, వెలుగును, నీడను తేరిపార చూచుటకు మనస్సునకు దొరకెడి తీరిక. ఆ తీరికను ఏమి చేసికొనునన్నది వాని వాని సంస్కారము. మన ఆలంకారికులు, దండి మొదలుకొని మమ్మటుని వరకు, కావ్యహేతువులను చెప్పుచు ప్రతిభను, పాండిత్యమును, అభ్యాసమును వేరువేరుగ పేర్కొనుట వట్టి లెక్క కొరకు కాదు. పరికరముతో ముడివడినది ఆ మూడింటిలో అభ్యాసమొక్కటే. కెమెరాను మార్చకపోవుటచేతనే కళ వచ్చునని చెప్పువారు అభ్యాసమును ప్రతిభగా భ్రమపడుచున్నారు; మార్చినచో వచ్చునని చెప్పువారు డబ్బును ప్రతిభగా భ్రమపడుచున్నారు.

ఈ అభ్యాసమనునది ఎట్లుండునో కొంచెము వివరింపవలసియున్నది. 50 మిల్లీమీటర్ల లెన్సు, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై, అడ్డముగ సుమారు 40 డిగ్రీల మేర దృశ్యమును పట్టును. ఈ సంగతి పుస్తకమునుండి ఎవరైనను తెలిసికొనవచ్చును. కాని పదియేండ్లు ఆ లెన్సుతోనే పనిచేసినవానికి ఆ 40 డిగ్రీలు కన్నులలోనే గీత గీసికొని యుండును. వీధిలో నడచుచున్నంతసేపు ఏది లోపల పడునో ఏది వెలుపల ఉండిపోవునో కెమెరా ఎత్తకమునుపే వానికి తెలియుచుండును. ఎత్తుట కేవలము మీట నొక్కుటకే. 1947 చివర భారతదేశమునకు వచ్చి, గాంధీ మహాత్ముని అంత్యయాత్రను చిత్రించిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ తన జీవితకార్యములో అధికభాగము చిన్న లైకా కెమెరాతోను, 50 మిల్లీమీటర్ల లెన్సుతోను నడపినాడనుట లోకవిదితము. లైకా కొన్నవారందరు బ్రెస్సాన్లు కాలేదనుటయు లోకవిదితమే, గాని ఆ రెండవ సంగతిని ప్రకటనలలో ఎవరును వ్రాయరు.

మన శ్రీకాకుళము, పార్వతీపురము, బొబ్బిలి, టెక్కలి వంటి ఊళ్ళ స్టూడియోలలో ఒకప్పుడు ఈ అంటిపెట్టుకొనుట కళాసిద్ధాంతము కాదు, గతి. రెండు లెన్సులు ఒకదానిపై నొకటి యున్న యాషికా కెమెరా యొకటి కొన్నచో అది తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చెడిది. స్తోమత లేనివారికి మన దేశముననే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండెడిది. ఊటీలో 1960లో స్థాపితమైన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' ఫిల్మును, 'ఇందు' కాగితమును ఈ దేశమందలి చిన్న ఊళ్ళ చీకటిగదులన్నింటికిని సుపరిచితములై యుండెడివి. చదరపు చిత్రమైనచో 120 రీలునకు బొమ్మలు పన్నెండు. పెండ్లి కెన్ని రీలులో ముందే బేరము. తాళిబొట్టున కిన్ని, తలంబ్రాలకిన్ని, అప్పగింతల కిన్ని అని మనస్సులోనే పంపకము. ఇది వైరాగ్యమని, నియమమని ఈనాడు మనము కీర్తించుట పేదవాని ఉపవాసమును ఏకాదశివ్రతమని పొగడుటవంటిది.

అయినను ఆ గతిలేనితనమునుండియే ఒక విద్య పుట్టినదనుటను కాదనలేము. యాషికాను పొట్టకు ఆనించి పట్టుకొని, తల వంచి, పైనున్న గాజుతెరలోనికి చూడవలెను. ఆ తెరపై బొమ్మ నిలువుగ సరిగానే యుండును గాని కుడియెడమలు తారుమారగును. పెండ్లికూతురు కుడికి జరిగినచో తెరపై ఎడమకు జరుగును. క్రొత్తవాడు ప్రతిమారును తికమకపడి కెమెరాను పెడదిక్కునకు త్రిప్పును. నాలుగు పెండ్లిండ్ల ఋతువులు గడచిన తరువాత చేయి ఆ తారుమారును తనలో కలుపుకొని, మనస్సునకు చెప్పకయే సరియైన దిక్కునకు తిరుగును. మరియొక విశేషము. తల వంచి తీయువానిని చూచి ఎదుట కూర్చున్నవారు జంకరు. వాడు తమ కన్నులలోనికి కన్ను పెట్టి చూచుట లేదు. పీటలపై తలెత్తుటకు సిగ్గుపడు ఆనాటి పెండ్లికూతుళ్ళ మొగములు ఆ చదరపు బొమ్మలలో అంత నెమ్మదిగ నుండుటకు ఇదియు నొక హేతువని నా నమ్మకము.

పరిచయము వలన కలిగెడి ఈ నేర్పును చూడదలచినవారు కెమెరాల దుకాణమునకుగాక పొందూరునకు పోవలెను. అచ్చటి ఖద్దరు నేతకు కావలసిన ప్రత్తిని శుభ్రపరచుటకు ఆడువారు వాడు సాధనము వాలుగచేప దవడ ఎముక. సన్నని పండ్లు బారుతీరిన ఆ ఎముకతో ప్రత్తిని దువ్వి, ఏకి, వడకినప్పుడే ఆ ఖద్దరునకు ఆ మెత్తదనము వచ్చును. యంత్రములు లేక కాదు. ఆ చేతులకు ఆ దవడ తెలుసును, ఆ దవడకు ఆ ప్రత్తి తెలుసును. ఈ దృశ్యమును ఫోటో తీయుటకు పోవువారు మాత్రము చాలమంది బోల్తాపడుదురు. మసక వెలుతురు గది, నడుమ పాలనురుగువంటి ప్రత్తి. సిరిమాను నాటి చిక్కే ఇచ్చట తలక్రిందులై వచ్చినది. గది చీకటిని చూచిన మీటరు కాంతిని పెంచి ప్రత్తిలోని పోగులన్నింటిని తెల్లని ముద్ద చేయును. ప్రత్తినే దగ్గరగ చూచినచో దానిని బూడిదరంగునకు దించును. తన కెమెరా ఎచ్చట ఎంత అబద్ధమాడునో ఎరిగినవాడు ఆ అబద్ధమును ముందుగనే లెక్కలో వేసికొని, దవడపండ్లకు చిక్కిన ఒక్కొక్క పోగును చూపగలడు. కెమెరాతో చెలిమి యనగా దాని సుగుణములను మెచ్చుట కాదు, దాని దుర్గుణములను కంఠస్థము చేయుట.

సముద్రతీరమునందు ఒకే లెన్సా, పలు లెన్సులా అను ప్రశ్నకు సిద్ధాంతముతో పనిలేదు. కళింగపట్నములోగాని, భావనపాడులోగాని, బారువలోగాని తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు వచ్చు వేళ, తూర్పున నీటిలోనుండి సూర్యుడు పైకి వచ్చుటయు, వలలు దిగుటయు, బేరములు మొదలగుటయు అన్నియు ఒక్క అరగంటలో జరిగిపోవును. ఉప్పుగాలి, ఇసుక. ఆ గాలిలో లెన్సు విప్పి మరియొకటి బిగించువాని కెమెరా కడుపులోనికి ఇసుక పోవుట నిశ్చయము. అందుచేత అనుభవజ్ఞులు ఇంటివద్దనే ఒక లెన్సు బిగించుకొని బయలుదేరి, దగ్గరగ కావలసినచో కాళ్ళతో దగ్గరకు పోవుదురు. దగ్గరకు పోయినవానిని మత్స్యకారులు పలుకరింతురు. పలుకరింపు వచ్చిన పిమ్మట బొమ్మ వేరుగ నుండును.

ఇంతవరకు చదివి, ఇతడు పాతదాని పక్షమువాడని తీర్మానించుకొనువారిని ఒక్కమారు టెక్కలి మండలమందలి తేలినీలాపురమునకు రమ్మందును. శీతకాలమునకు ముందు గూడబాతులును, రంగుకొంగలును దూరప్రాంతములనుండి వచ్చి, ఆ ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, వేసవి మొదలగునప్పటికి మరలిపోవును. అవి వచ్చిననే ఊరికి మేలని నమ్మి గ్రామస్థులు వానికి హాని చేయరు, చేయనీయరు. పక్షి కంటిలోని మెరుపును, తల్లి నోటినుండి పిల్ల అందుకొను చేపను చూపవలెనన్నచో 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఎవడును చేయగలిగినదేమియు లేదు. అచ్చట 400, 600 మిల్లీమీటర్ల లెన్సు కావలెను. నాకలవాటైనది ఇదియే, నేనిదియే వాడుదునని భీష్మించుకొనుట నిష్ఠ కాదు, మొండితనము.

కాని ఆ పెద్ద లెన్సులవారు తెచ్చు బొమ్మలను వరుసగ పరచి చూచినచో ఒక వింత కనబడును. ఆ గూడబాతు తేలినీలాపురముదో, కొల్లేటిదో, రాజస్థానముదో చెప్పుట దుర్లభము. లెన్సు పొడవు పెరిగినకొలది వెనుకటి ప్రపంచము మసకలోనికి కరగిపోవును. ఊరు కరగిపోయినది, ఇంటి కప్పు కరగిపోయినది, చెట్టు క్రింద నుండి పైకి చూచుచున్న ముసలమ్మ కరగిపోయినది. ఆ ఊరి విశేషము పక్షి కాదు, పక్షియు మనిషియు ఒకే చెట్టు నీడను పంచుకొనుట. దానిని చూపుటకు మరల ఆ చిన్న లెన్సే దిక్కు. రెండును కావలసినవే. ఏది ఎప్పుడన్నది కెమెరా చెప్పదు.

క్రొత్త పరికరము సృజనను మేల్కొల్పునన్న వాదమునకు ఈ ప్రాంతమునందే ఒక గొప్ప సాక్ష్యమున్నది. అది ఫోటోలది కాదు. శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారును, విజయనగరమును కర్మక్షేత్రముగ చేసికొన్న గురజాడ అప్పారావుగారును, తరతరములుగ పండితులచేతి కలవాటైన భాషను ప్రక్కకు నెట్టిరి. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'ను, 1910 నాటి 'ముత్యాల సరాలు'ను ఆ పాత పరికరముతో పుట్టియుండెడివి కావు. వారి గడ్డను గూర్చి ఈ గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్న నాకు ఈ మాట చెప్పు అర్హత కలదో లేదో పాఠకులే నిర్ణయింతురుగాక. అయితే కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ మహనీయులు పట్టినది నిజముగ క్రొత్తదా? వారు విడిచినది బడిలో నేర్చినది. పట్టినది తల్లియొద్ద నేర్చినది. అపరిచితమునుండి పరిచితమునకు నడచుటనే మనము విప్లవమంటిమి. ఫోటోగ్రాఫరును ఏండ్ల తరబడి ఒకే కెమెరా పట్టినంతమాత్రమున అది తనకు పరిచితమని తలపరాదు. గురువు చెప్పిన అంకెలనే త్రిప్పుచు ముప్పదియేండ్లు గడపినవానికి తన కెమెరా ఇంకను పరాయిదే.

వెలుపలి ప్రపంచమున రెండు ఉదాహరణములు ఈ సందర్భమున నాకు స్ఫురించుచున్నవి. చెకొస్లొవేకియాకు చెందిన జోసెఫ్ కుదెల్కా 1960లలో రోమా జాతివారి బ్రతుకులను 25 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సుతో, మసక వెలుతురు గదులలో, మనుష్యుల నడుమ నిలిచి చిత్రించి ప్రసిద్ధి కెక్కినాడు. ఆ పద్ధతినే జీవితాంతము సాగించినచో ఎవరును తప్పుపట్టియుండరు. కాని 1986 నుండి అతడు పొడుగుపాటి పనోరమా కెమెరా చేపట్టి, మనుష్యులు లేని గాయపడిన నేలలను, గోడలను, గనులను చిత్రించుటకు పూనుకొన్నాడు. కెమెరా మార్చినందున విషయము మారినదా, విషయము మారినందున కెమెరా మారినదా యన్నచో, రెండును ఒకదాని చేయి నొకటి పట్టుకొని వచ్చినవని చెప్పవలెను. బ్రెజిలు దేశీయుడు సెబాస్టియావ్ సల్గాదో తన 'జెనెసిస్' చిత్రమాలిక నడుమలో, 2008 ప్రాంతమున, ఫిల్మును విడిచి డిజిటల్ కెమెరా పట్టినాడు. పట్టియు, తీసిన బొమ్మలను కంప్యూటరు తెరపై ఎంచుటకు మనస్కరింపక, పూర్వమువలెనే కాంటాక్టు షీట్లు అచ్చువేయించుకొని కాగితముపై చూచి ఎంచుకొనెడివాడు. ఏది మార్చవచ్చునో, ఏది మార్చినచో తన చూపు చెదరునో అతనికి స్పష్టముగ తెలిసియుండెడిది. అట్లు తెలిసియుండుట కెమెరాకంటె ఖరీదైన వస్తువు.

మన పెండ్లి ఫోటోగ్రాఫరునకు ఈ విచక్షణకు చోటెక్కడిది? "డ్రోను ఉందేటి బావూ? కొత్త కెమెరాయేనా?" అన్నది బేరమునకు ముందు వచ్చు ప్రశ్న. పెండ్లికి ముందే జంటను భీమిలి ఒడ్డునకో, అరకులోయకో తీసికొనిపోయి సినిమాపాటవలె తీయవలెను. రెండు మూడేండ్లకొక క్రొత్త మోడలు వచ్చును. పాతదాని వాయిదాలు తీరకమునుపే అది పాతదగును. మూఢములోను ఆషాఢములోను పనియుండదు, వాయిదా ఉండును. కొనలేనివారు విశాఖపట్నమునుండి అద్దెకు తెచ్చుకొందురు. అనగా ముహూర్తము వేళ చేతిలో నున్నది ఆ ఉదయమే పరిచయమైన యంత్రము. అందుచేత పెండ్లితంతు మొత్తమును ఆటోలో పెట్టి, క్షణమునకు పది చొప్పున వేలకొలది బొమ్మలు తీసి, పిమ్మట ఏరుకొందురు. ఇందు వారి తప్పు స్వల్పము. తీరికను కొనుటకు వచ్చినవారెవరును లేరు, అందరును డ్రోను కొరకే వచ్చినారు.

ఇక సెల్‌ఫోను. నేడు మనిషి చేతికి అంతకంటె అలవాటైన కెమెరా లేదు. పైని చెప్పిన సిరిమాను చిక్కును అది ఇట్టే విప్పును: ఆకాశమునకొకటి, మొగమునకొకటి చొప్పున కొన్ని బొమ్మలు రెప్పపాటులో తీసి, కలిపి, ఒకటిగ అందించును. మంచిదే. అయితే ఇచ్చట పరిచయము తలక్రిందులైనది. మనకు యంత్రము పరిచితమగుటకు మారుగ, యంత్రమునకు మనము పరిచితులమైతిమి. మనకేది నచ్చునో అదియే నిర్ణయించును. మూడులాంతర్లవద్ద ఏ మేడపైనుండి ఎవరు తీసినను ఆకాశము ఒకే నీలము, మొగము ఒకే మెరుపు. అబద్ధమాడని కెమెరా దొరకినదని సంతోషింపబోవుచుండగనే, అందరి కెమెరాలును ఒకే అబద్ధమాడుచున్నవని తెలియుచున్నది.

ఒకే పరికరముతో ఏండ్లు గడపుటవలన కలిగెడి ఫలములలో నాకన్నింటికంటె విలువైనదిగ తోచునది సృజన యను మాటలోనికి సులభముగ ఇమడదు. ఆఫ్రికాలోని మాలీ దేశమున, బమాకో నగరమునందు, సెయ్‌దూ కెయ్‌తా అను నాయన 1948 నుండి 1962 వరకు ఒక స్టూడియో నడపినాడు. పెద్ద పెట్టె కెమెరా. ఖర్చుకు వెనుకాడి మనిషికి సాధారణముగ ఒకే బొమ్మ. వెనుక తెరగా తన మంచముపై దుప్పటి. దుప్పటి మారినప్పుడు మారిన పువ్వులనుబట్టి ఏ బొమ్మ ఏనాటిదో తరువాతివారు గుర్తింపగలిగిరి. 1990లలో ఆ నెగెటివులు వెలుగులోనికి వచ్చి, ప్రపంచమందలి మ్యూజియములు ఆయనను మహాకళాకారునిగ గౌరవించినవి. కెమెరా ఒకటే, వెలుగు ఒకటే, తెర ఎప్పుడో గాని మారదు గనుక ఆ బొమ్మలలో ముఖ్యముగ మారుచున్నవి మనుష్యులే. కట్టుబట్ట మారినది, చేతికి గడియారము వచ్చినది, నిలువబడు తీరులో క్రొత్త ధీమా వచ్చినది. ఒక నగరము పెరుగుట అట్లు నమోదైనది.

శ్రీకాకుళ విజయనగర జిల్లాలలోని పాత స్టూడియోలయందును ఇట్టి సంపదయే ఉండియుండవలెను: ఒకే యాషికా, ఒకే కుర్చీ, కోనేరును హంసలును చిత్రించిన ఒకే పరదా, వాని ముందు ముప్పది నలువదియేండ్ల జనము. రేషనుకార్డునకని, పరీక్షలకని, దుబాయి పోవుటకు పాసుపోర్టునకని, పెండ్లిచూపులకని వచ్చి కూర్చున్నవారు. హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళుని గాజు నెగెటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరి భద్రముగ నున్నవి. ఆయన తీసినది రాజులను గనుక ఆ భాగ్యము పట్టినది. ఇచ్చటి ఉప్పుగాలికిని తేమకును ఫిల్ముపై బూజు త్వరగ పట్టును. స్టూడియో మూతపడినప్పుడు నెగెటివుల కవర్లు తూకమునకు పోవును. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయమువారో, విజయనగరపు కళాశాలలవారో నలుగురు విద్యార్థులకు ఒక స్కానరు ఇచ్చి ఊరూరికి పంపినచో ఈ పని మొదలగును. మొదట తెలిసికొనవలసినది, మూతపడిన స్టూడియో బీరువా తాళపుచెవి ఇప్పుడు ఎవరి యింటనున్నదో.